ఓడకు ఎడమ వైపు

మొన్న తెల్లవారుజామున వాన పడి వెలిసింది. షాపు తీద్దామని వెళ్లి, తాళం చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. షట్టర్ కొక్కెం దగ్గర మొదలైన తుప్పు చార ఒకటి కిందికి జారి, రేకు మడత దగ్గర కాస్త ఆగి, పక్కకు జరిగి, మళ్లీ కిందికి దిగింది. పైన ముదురు ఎరుపు, దిగేకొద్దీ పలచన, చివర తేనె రంగు. తడి ఇనుము వాసన ముక్కుకు తగులుతోంది. ఎదురుగా టీ కొట్టు అతను షట్టర్ పట్టేసిందా అని అడిగాడు. ఏం లేదన్నాను. తుప్పు చారను ఇలా నిలబడి చూడటం నాకు నేర్పిన మనిషి యాదయ్య సార్. ఆయన పోయి మూడేళ్లయింది. వాన వెలిసిన ప్రతి పొద్దునా ఆయన నా పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. తల తిప్పితే ఉండరు. ఆ బాధ ఇంతవరకు తగ్గలేదు.

మీకెవరికీ ఆయన తెలియదు. తాండూరులో కూడా ఎక్కువ మందికి తెలియదు. బొంరాస్‌పేట దగ్గర గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, పద్దెనిమిదో ఏట నౌకాదళంలో చేరి, పదిహేనేళ్లు యుద్ధనౌక మీద పనిచేసి వచ్చిన మనిషి. ఎటు పోయినా ఒక రోజు ప్రయాణం చేస్తే గానీ సముద్రం కనపడని ఊళ్లు మావి. తిరిగొచ్చాక ఆయన తాండూరులో ఒక నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌గా చేసి, అదీ మానేసి, అరవై దాటాక యుద్ధనౌకల నమూనాలు చేయడం మొదలుపెట్టారు. మూరెడు పొడవు ఓడలు. వాటి మీద తుపాకులు, రాడార్లు, దారపు పోగంత సన్నటి కమ్మీలు. చేయడం ఒక ఎత్తు, రంగు వేయడం ఒక ఎత్తు, ఆ రంగు మీద మళ్లీ ఎండా ఉప్పూ తుప్పూ పొగా పెట్టడం ఇంకో ఎత్తు. దాన్ని వెదరింగ్ అంటారని ఆయన దగ్గరే విన్నాను. పెట్టెలోంచి తీసిన కొత్త బొమ్మను పదేళ్లు సముద్రంలో తిరిగొచ్చిన ఓడగా మార్చడమన్నమాట.

నేను వికారాబాద్ స్టేషన్ రోడ్డులో నంబర్ ప్లేట్లు, షాపు బోర్డులు రాసేవాణ్ని. ఫ్లెక్సీలు, స్టిక్కర్లు వచ్చి మా పని మూలన పడ్డ రోజులవి. నాకు ఇరవై ఎనిమిదేళ్లు, పెళ్లయి ఏడాది. చేతిలో పని లేదు గానీ పొగరుకు మాత్రం తక్కువ లేదు. ఈ చుట్టుపక్కల నాలా గీత గీసేవాడు లేడని నా నమ్మకం. ఒక మధ్యాహ్నం పొట్టి జుట్టుతో, నిటారుగా నడిచే ఒక పెద్దాయన వచ్చి, తువ్వాలలో చుట్టిన పెట్టె నా బల్ల మీద పెట్టారు. విప్పితే లోపల బూడిద రంగు ఓడ. దాని ముక్కు దగ్గర నంబరు రాయాలి, ఒక్కో అంకె బియ్యపు గింజంత ఉండాలన్నారు. తన చేయి వణుకుతోందని, అందుకే వచ్చానని చెప్పారు. ఇదెంత పని అని నవ్వి ఐదు నిమిషాల్లో రాసేశాను. ఆయన జేబులోంచి భూతద్దం తీసి చూశారు. నేను పొగడ్త కోసం ఎదురుచూస్తున్నాను.

"నీ చెయ్యి మంచిగున్నది తమ్మీ," అన్నారు. "కన్నుకే తొందరెక్కువ."

ఓడ పక్క వంపు తిరిగి ఉంటుంది, దాని మీద అంకె కూడా వంగాలి, నువ్వు చదును రేకు మీద రాసినట్టు రాశావని వివరించారు. నాకు తల కొట్టేసినట్టయింది. తుడిచి మళ్లీ రాశాను. మూడోసారికి తలూపారు. వెళ్తూ వెళ్తూ, ఆదివారం వీలైతే తాండూరు రమ్మన్నారు, ఇంకా పని ఉందన్నారు. చచ్చినా వెళ్లకూడదనుకున్నాను. ఆదివారం పొద్దున్నే రైలెక్కాను.

ఆయన ఇల్లు పాలిషింగ్ యూనిట్ల వెనక వీధిలో. ఆ వీధిలో గోడల మీద, వేపాకుల మీద, ఆరేసిన బట్టల మీద తెల్లటి రాతి దుమ్ము. ఆయన భార్య అంజమ్మ రోజుకు మూడుసార్లు ఇల్లంతా తడిగుడ్డతో తుడిచేది, ఓడల గది తప్ప. ఆ గదిలోకి తడిగుడ్డ రాకూడదు. ఎందుకంటే ఆ దుమ్మునే ఆయన పలచటి బట్టలో జల్లించి, ఓడ పక్కల మీద ఎండిన ఉప్పు పొరగా అద్దేవారు. పొగగొట్టం చుట్టూ మసికి అంజమ్మ కాటుక. తుప్పుకు మాత్రం అనంతగిరి ఎర్రమట్టే కావాలి. దానికోసం ఓసారి ఇద్దరం కొండెక్కాం. గుడికొచ్చినవాళ్లు దర్శనానికి పోతుంటే ఈయన రోడ్డు పక్క గట్టు దగ్గర గొంతుకూర్చుని, మట్టిని వేళ్ల మధ్య నలుపుతూ, ఇది పాత తుప్పు, ఇది కొత్త తుప్పు అని వేరువేరుగా పొట్లాలు కట్టారు. ఒకావిడ ఆగి అది ఏ రోగానికి మందని అడిగింది. ఓడలకమ్మా అని ఈయన ఎంతో మర్యాదగా చెప్పారు. ఆవిడ మా ఇద్దరినీ చూసిన చూపు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

నేవీలో ఆయన చేసిన పని ముఖ్యంగా తుప్పు గీకడమే. ఉప్పు గాలికి ఇనుము ఊరుకోదు. ఈ కొసన గీకి రంగు వేసుకుంటూ ఆ కొసకు పోయేసరికి ఈ కొసన మళ్లీ మొదలవుతుంది. పదిహేనేళ్లు తుప్పు వదిలించినందుకు జీతం తీసుకుని ఇప్పుడు కూర్చుని తుప్పు పెడుతున్నాడని అంజమ్మ ఆటపట్టించేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. నాకు మాత్రం తుప్పు పెట్టడం అంత సులువుగా అబ్బలేదు. నేను బోర్డుల మనిషిని కదా, అందంగా కనపడే చోటల్లా చారలు దింపేవాణ్ని. ఆయన నా కుంచె మీద వేలు పెట్టి ఆపేవారు.

"గీ నీళ్లు ఏడికెళ్లి వచ్చినయో చెప్పు. చెప్పినంకనే గీయి."

ఓసారి చెప్పలేకపోతే వీధి చివర నీళ్ల ట్యాంకు ముందు నన్ను గంటసేపు కూర్చోబెట్టారు. మొదట ఒళ్లు మండింది. తర్వాత కనపడటం మొదలైంది. ప్రతి చారకూ పైన ఒక బోల్టో, పగులో, అతుకో ఉంది. ఊరికే పుట్టిన చార ఒక్కటి లేదు. ఆ రోజు తిరుగు రైల్లో వికారాబాద్ దాకా కిటికీలోంచి రేకుల షెడ్లనూ వంతెనలనూ సిగ్నల్ స్తంభాలనూ చూస్తూనే ఉన్నాను. ఇన్నేళ్లు వీటి మధ్యే తిరిగి ఏం చూశానా అనిపించింది. నా పొగరు అక్కడే సగం దిగింది.

అల్మారాలో ఆరేడు ఓడలున్నా ఆయన ప్రాణమంతా ఒకదాని మీదే. అది ఆయన పనిచేసిన ఓడ. పేరు రాయను. అసలు ఓడ ఇప్పుడు లేదు, కాలం తీరాక విరగ్గొట్టి ఇనుము కింద అమ్మేశారట. అచ్చు అలాంటి ఓడను చేసుకునే ప్లాస్టిక్ ముక్కల కిట్ ఎక్కడా దొరకకపోతే, కాస్త పోలికున్న వేరే దేశం ఓడ ముక్కలు తెప్పించి, కోసి అతికించి ఆయన దాన్ని తయారు చేశారు. తాను చివరిసారి చూసిన రోజు అది ఎలా ఉందో అచ్చు అలాగే పూర్తి చేయాలన్నది ఆయన కోరిక. చేతి వణుకు ఏడాదికేడాది పెరుగుతోంది. చూపు తగ్గుతోంది. అవి రెండూ పూర్తిగా పోకముందే ఓడ పూర్తి కావాలి. నేను ఆయనకు కావలసింది అందుకే.

ఆ చివరి రోజు సంగతి పని చేస్తూ చేస్తూ నాకు ముక్కలు ముక్కలుగా చెప్పారు. ఓడ పక్కన తాళ్లతో పలక వేలాడదీసి, దాని మీద కూర్చుని, సుత్తితో తుప్పు పెచ్చులు కొట్టి, గీకి, అప్పుడు రంగు వేయాలి. ఆయనది కుడి వైపు. ఎడమ వైపు భీమిలి దగ్గరి పల్లె నుంచి వచ్చిన అప్పన్న అనే జతగాడిది. మధ్యలో ఓడంత ఇనుము. ఒకరికొకరు కనపడరు గానీ ఒకరి సుత్తి చప్పుడు ఇంకొకరికి ఆ ఇనుములోంచి వినపడేది. చప్పుడు ఆగితే టీకి లేచాడని అర్థం. పదకొండేళ్లు అలా గడిచాయి. సర్వీసు ముగిసే ముందు ఆఖరి వారం సార్ కాగితాల పని మీద ఒడ్డునే ఉండిపోయారు. చివరి రోజు తన పెట్టె తెచ్చుకోవడానికి ఓడకు వెళ్తే, కుడి వైపు తాను వదిలేసినట్టే సగం గీకి సగం తుప్పుతో ఉంది. ఎడమ వైపు నుంచి సుత్తి చప్పుడు లేదు. అప్పన్న కోసం ఓడంతా వెతికారు. దొరకలేదు. ఒడ్డుకు తీసుకెళ్లే పడవ వచ్చేసింది, ఎక్కేశారు. పడవలోంచి వెనక్కి తిరిగి చూసినప్పుడు కనపడిన కుడి వైపునే ఆయన ఇన్నేళ్లుగా కళ్లలో పెట్టుకున్నారు.

"నన్ను చూస్తే ఏడుపొస్తదని ఏడనో దాక్కున్నడు," అన్నారు అప్పన్న గురించి. అలా అని తనను తాను సముదాయించుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది.

ఆ కుడి వైపు చేయడానికి మాకు రెండేళ్ల ఆదివారాలు పట్టాయి. లంగరు గొలుసు బయటికొచ్చే రంధ్రం కింద చార, మురికి నీళ్లు పడే తూముల కింద చారలు, గీకి వదిలేసిన చోట గోధుమ రంగు మచ్చలు. ఆయన కళ్లు మూసుకుని చెప్పేవారు, నేను వేసేవాణ్ని. ఎడమ వైపు మాత్రం ఒట్టి బూడిద రంగుతో ఉండిపోయింది. ఓడను ఎప్పుడూ ఆ వైపు గోడకు ఉండేలా పెట్టేవారు. అలసిపోయి వదిలేశారని నేను అనుకున్నాను. అడగలేదు.

అంతలో ఆయనకు గుండె నొప్పి వచ్చి హైదరాబాద్ ఆసుపత్రిలో చేర్చారు. అంజమ్మ ఆయన వెంట వెళుతూ ఇంటి తాళం నా చేతికిచ్చింది. నాకు ఆలోచన తట్టింది. ఆయన తిరిగొచ్చేసరికి ఎడమ వైపు కూడా పూర్తి చేసి చూపిస్తే ఎంత సంబరపడతారో అనుకున్నాను. షాపు మూసి నాలుగు రోజులు తాండూరులోనే కూర్చున్నాను. కుడి వైపు చూసుకుంటూ, అదే పోలికలో, ప్రతి చారకూ పైన ఒక కారణం పెట్టి మరీ వేశాను. నా జన్మలో అంత మంచి పని నేను చేయలేదు. అది ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఆయన ఇంటికొచ్చిన రోజు ఓడను తిప్పి పెట్టి పక్కన నిలబడ్డాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కో చారనూ పైనుంచి కిందిదాకా చూశారు.

"మస్తు జేసినవ్ శీనూ," అన్నారు చివరికి. "నువ్వు చూసినవా గీ దిక్కు?"

చూడలేదన్నాను.

"మరి గిది ఎవరి ఓడ?"

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు రోజులు తిండీ తిప్పలూ లేకుండా చేస్తే ఇదా మాట అనుకుని, చెప్పులేసుకుని వచ్చేశాను. మూడు ఆదివారాలు వెళ్లలేదు. నాలుగోవారం అంజమ్మ ఫోన్ చేసి, ఆయన రోజంతా ఆ గదిలోనే కూర్చుంటున్నాడని, మందులు కూడా గుర్తుచేస్తే గానీ వేసుకోవడం లేదని చెప్పింది. వెళ్లాను. ఆయన బల్ల మీదికి వంగి, దూది చుట్టిన పుల్లను టర్పెంటైన్‌లో ముంచి, వణికే చేత్తో నేను వేసిన చారలను ఒక్కొక్కటే తుడుస్తున్నారు. చేయి తగిలి కమ్మీ ఒకటి విరిగి ఉంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పుల్ల ఆయన చేతిలోంచి తీసుకుని నేనే తుడవడం మొదలుపెట్టాను. అప్పుడు చెప్పారు.

"ఆ దిక్కు అప్పన్నది. నేను చూడలే, నువ్వు చూడలే. చూసినోడు గా ఒక్కడే. ఆయనే వచ్చి ఎయ్యాలె."

అప్పన్నకు పాత చిరునామాకు ఎన్నో ఉత్తరాలు రాశారట. అన్నీ తిరిగొచ్చాయి. ఊరు మారిపోయి ఉంటాడని, ఎప్పటికైనా ఎవరో ఒకరు జాడ చెబుతారని ఆ వైపు ఖాళీగా ఉంచి ఎదురుచూస్తున్నారు. ఈ ముక్క ముందే నాకు చెప్పి ఉంటే, అంటే నేనే అడిగి ఉంటే, ఆ ఎడమ వైపు జోలికి పోయేవాణ్నే కాదు. రెండు ఆదివారాలు పట్టింది దాన్ని మళ్లీ ఒట్టి బూడిద రంగుకు తేవడానికి. తర్వాత అప్పన్నను వెతికే పని నేను తీసుకున్నాను. ఆయన దగ్గరున్నది బటన్ ఫోన్. నా ఫోన్‌లో పాత నావికుల వాట్సాప్ గ్రూపులు ఒక్కొక్కటీ పట్టుకుని, ఓడ నంబరు, ఆ కాలం, ఆ ఊరు చెప్పి అడిగాను. ఆ తీరంలో అప్పన్న అనే పేరు వీధికి నలుగురికి ఉంటుంది. వెళ్లిన ప్రతి ఆదివారం సార్ గుమ్మంలోనే దొరికాడా అని అడిగేవారు. కొన్నాళ్లకు నా ముఖం చూసి అడగడం మానేశారు.

ఆ శీతాకాలం ఒక గ్రూపులో ఎవరో ఒక నంబరు పెట్టారు. అప్పటికి నాలుగైదు నంబర్లకు చేసి, మేం కాదనిపించుకుని విసిగి ఉన్నాను. సరిగ్గా ఆ వారమే మోమిన్‌పేట్‌లో ఒక బడి గోడల మీద బొమ్మలు వేసే పని వచ్చింది. చాలాకాలానికి దొరికిన పని. ఈ నంబరూ అలాంటిదేలే, పని కాగానే చేద్దాం అనుకున్నాను. తొమ్మిదో రోజు పొద్దున నిచ్చెన మీద ఉండి భారతదేశ పటానికి రంగు వేస్తుంటే అంజమ్మ ఫోన్ వచ్చింది. చాయ్ తాగి కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారు. నిచ్చెన ఎలా దిగానో గుర్తులేదు.

దినాలు అయ్యాక ఆ నంబరుకు చేశాను. ఎత్తిన మనిషి అప్పన్నే. యాదయ్య సార్ పేరు చెప్పగానే అవతల నుంచి ఏడుపు వినపడింది. వారం తిరగకుండా కొడుకును తోడు తీసుకుని తాండూరులో దిగారు. నల్లగా, పొట్టిగా, యాదయ్య సార్ కన్నా వంగిపోయిన మనిషి. అంజమ్మ ఎవరినీ పట్టుకుని ఏడవని మనిషి, ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆయన్ను గదిలోకి తీసుకెళ్లి ఓడ ముందు కూర్చోబెట్టాం. కుడి వైపు చూసి, అవునవును అని తలూపుతూ, లంగరు కింది చారను వేలితో తాకారు. నేను కుంచెలు, ఎర్రమట్టి పొట్లాలు తెచ్చి పక్కన పెట్టి, ఓడను ఎడమ వైపుకు తిప్పాను. సార్ ఈ వైపు మీకోసమే ఖాళీగా ఉంచారని, మీకు గుర్తున్నంత చెబితే వేస్తానని అన్నాను. అప్పన్న కుంచె ముట్టుకోలేదు. ఆ బూడిద రంగును చూస్తూ ఉండిపోయారు.

"ఇంకేటీ ఎయ్యక్కర్లేదు బాబూ," అన్నారు. "ఆ పొద్దు ఇలాగే ఉంది."

యాదయ్య వెళ్లిపోయే రోజు దగ్గరపడిందని తెలిసి, ఆ వారం రోజులూ అప్పన్న విశ్రాంతి లేకుండా తన వైపంతా గీకి రంగు వేసేశారట. తన వైపు ముందుగా ముగిస్తే కుడి వైపుకు వెళ్లి జతగాడిదీ పూర్తి చేసి, వాణ్ని పని మిగలకుండా ఇంటికి పంపాలని ఆశ. ఆ రోజు ముక్కు వంపు కింద, నీటి గీత దగ్గర తెప్ప మీద నిలబడి చివరి జానెడు రంగు వేస్తున్నారు. అక్కడున్న మనిషి పైనుంచి కనపడడు. చేతిలో ఉన్నది కుంచె, సుత్తి కాదు, అందుకే చప్పుడు లేదు. పని ముగించి పైకెక్కేసరికి పడవ వెళ్లిపోయింది.

"నా వైపు అయిపోనాది. ఆడి వైపుకి ఎల్దారనుకున్నాను," అన్నారు.

అంజమ్మ తలుపు పట్టుకుని నిలబడి అంతా విన్నది. "అంటే అన్నా, గిది ఎప్పుడో అయిపోయిందా?" అని మాత్రం అడిగింది. అప్పన్న తల ఊపారు.

ఓడ ఇప్పుడు అంజమ్మ ఇంట్లోనే, రెండు వైపులా కనపడేలా గది మధ్యలో ఉంది. నాకు పనులు వస్తుంటాయి, పోతుంటాయి. చెరిగిపోయిన పాత బోర్డు ఎవరైనా తెచ్చి అక్షరాలు నింపమంటే, మొదట ఎలా ఉండేదో చూసినవాళ్లెవరున్నారని అడుగుతాను. ఉన్నారంటే ఆ రోజే బయల్దేరతాను, పొలంలో ఉన్నా, మంచాన ఉన్నా వెళ్లి అడుగుతాను. ఇంత చిన్న పనికి ఇంత పరేషాన్ ఎందుకని నా భార్య విసుక్కుంటుంది. నేను చెప్పులేసుకుంటాను. తన ఓడ పూర్తయిందని, అప్పన్న దాక్కోలేదని తెలియకుండానే యాదయ్య సార్ పోయారు. ఆ నంబరు తొమ్మిది రోజులూ నా జేబులోనే ఉంది.